వడ్డీ తగ్గేదాకా ఆగాలా? పాఠకుల ఇంటి ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ చుట్టూ తిరిగి ఒక్క చోటికే వచ్చాయి. వడ్డీ ఇంకా తగ్గుతుందా, అప్పటిదాకా ఆగాలా, ఇప్పుడే కొనెయ్యాలా, లేకపోతే ఉన్నది అమ్మేసుకుని ఊపిరి పీల్చుకోవాలా అని. ఉత్తరాల్లోకి వెళ్లే ముందు అందరికీ పనికొచ్చే ముక్క ఒకటి చెప్తాను. రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, 2020 మే నుంచి రెండేళ్లు 4 శాతం దగ్గర ఉంది. 2022 మేలో పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా 6.5 చేశారు, రెండేళ్లు అక్కడే ఉంచారు, 2025లో నాలుగుసార్లు తగ్గించి డిసెంబరుకి 5.25కి తెచ్చారు. ఐదేళ్లలోనే ఇంత ఎక్కడం దిగడం జరిగింది. మీరు తీసుకునే అప్పు 20 ఏళ్లది. మీ అప్పు తీరేలోపు ఇలాంటివి ఇంకా చాలా చూస్తారు. అందుకే నన్ను "రేపు ఎంత ఉంటుంది" అని అడక్కండి, ఆ సంగతి టీవీలో కూర్చుని చెప్పేవాళ్లకీ తెలీదు.

ప్రశ్న: మేం ఒడిశా బరంపురంలో పదేళ్లుగా అద్దెకుంటున్నాం, అద్దె 8,500. మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు, చేతికి 48 వేలు వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 14 వేలు. అంబపువా వైపు రెండు బెడ్‌రూముల ఇల్లు ఒకటి 34 లక్షలకి చెప్తున్నారు. మా దగ్గర 12 లక్షలున్నాయి. బ్యాంకు వాళ్లు 7.5 శాతం అంటున్నారు. అమెరికాలో ఉన్న మా మరిది మాత్రం "ఏడాది ఆగండి వదినా, రేటు ఇంకా పడుతుంది, ఇప్పుడు తీసుకుంటే జీవితాంతం ఇదే రేటు కట్టాలి" అంటున్నాడు. మా ఆయనకి తమ్ముడి మాటే వేదం. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ మరిది చెప్పింది ఆయనున్న చోట నిజమే. అక్కడ ఎక్కువమంది 30 ఏళ్లకి ఒకటే రేటు రాయించుకుంటారు. 2021 మొదట్లో 3 శాతం లోపు దొరికిన అప్పు 2023 అక్టోబరుకి 8 శాతానికి దగ్గరగా వెళ్లింది. మూడు శాతానికి అప్పు దొరికినవాడు ఆ ఇల్లు అమ్మి కొత్తది కొంటే ఏడు, ఎనిమిది కట్టాలి కాబట్టి కదలడు. అందుకే అక్కడ అమ్మకానికి ఇళ్లే కరువయ్యాయి. అలాంటి చోట రేటు చూసి కొనడం తప్పనిసరి. మన దగ్గర అలా కాదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతూ ఉండే, ఇంటి అప్పుల్ని బయటి రేటుకి, అంటే ఎక్కువగా రెపోకి, ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి మార్చాలి. కాబట్టి మీరు ఈ నెల కొని, వచ్చే ఏడాది రేటు అర శాతం పడితే, మీ అప్పు మీద కూడా ఆ అర శాతం తగ్గుతుంది. ఆగితే వచ్చే లాభం కొన్నా వస్తుందన్నమాట. పెరిగితే పెరిగిందీ తగులుతుంది, అది వేరే సంగతి, దానికీ వస్తాను.

మరి ఆగితే పోయేదేంటి? ధర. ఒక లెక్క చూడండి. 25 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకి తీసుకుంటే నెలకి 21,700 దాకా అవుతుంది. 27 లక్షలు 7.5 శాతానికి తీసుకున్నా దాదాపు అంతే, 21,750. అంటే వడ్డీ ఒక శాతం తగ్గేలోపు ఇంటాయన రెండు లక్షలు పెంచేస్తే మీరు ఆగినందుకు మిగిలింది సున్నా. పైగా ఎక్కువ వడ్డీకి తక్కువ అప్పు ఉన్నవాడికి రేపు రేటు తగ్గే అవకాశం ఇంకా ఉంటుంది, ఎక్కువ ధరకి కొన్నవాడికి ఆ ధర మళ్లీ తగ్గించేవాడు ఉండడు. అందుకని బేరం ఇంటాయన దగ్గర ఆడండి. 34 చెప్పాడంటే మీరు 31 దగ్గర మొదలుపెట్టండి. ఎన్నాళ్లుగా ఆ ఇల్లు అమ్మకానికి ఉందో ఆ వీధిలో కిరాణా కొట్టు ఆయన్ని అడిగితే చెప్తాడు, బ్రోకరు చెప్పడు. అలాగే 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఇంటికి ఏమైందో, వానాకాలంలో ఆ వీధిలో నీళ్లు ఎంత నిలుస్తాయో పక్కింటివాళ్లని అడగండి. వడ్డీ పావు శాతం కోసం ఆరు నెలలు ఆలోచించేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా బయానా ఇచ్చేస్తారు, నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే బరంపురంలో మీకు అద్దె ఇల్లే చవక. 27 లక్షల మీద మొదటి నెల వడ్డీనే 16,875, మీ అద్దె 8,500. తేడా ఏడాదికి లక్ష. ఇంటికి పెట్టే మీ సొంత డబ్బు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ పోతుంది, అదో యాభై వేలు. ఇంటి పన్ను, సున్నం వేయించడం, రిపేర్లు ఉండనే ఉన్నాయి. అంటే ఆ ఇల్లు ఏటా దాదాపు 5 శాతం పెరిగితే గానీ మీరు అద్దెతో సమానం కారు. అద్దె పెరుగుతూ పోతుంది, అప్పు మీద వడ్డీ తగ్గుతూ పోతుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ లెక్క మీ వైపు తిరుగుతుంది. ఏడెనిమిదేళ్లు అక్కడే ఉంటారా, మీ ఆయనకి ట్రాన్స్‌ఫర్ ఉందా అన్నది 7.5, 7.25 కంటే పెద్ద ప్రశ్న. రెండు మూడేళ్లలో కదలాల్సి వస్తే రిజిస్ట్రేషన్ ఖర్చులోనే మునుగుతారు.

ఉంటామంటే మాత్రం కొనుక్కోండి, కానీ మీ 12 లక్షలూ ఇంట్లో పోసెయ్యకండి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరున 5 శాతం, ఆడవాళ్ల పేరున 4, పైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. మీ పేరున పెడితే 34 వేలు మిగులుతుంది, మరిదిగారి సలహా కంటే ఇది నయం. అయినా రెండు లక్షల పైనే ఖర్చు, అది అప్పులో రాదు, చేతి డబ్బే పెట్టాలి. 7 లక్షలు మార్జిన్ (ఇంటి ధరలో మీ వాటా), రెండు రిజిస్ట్రేషన్‌కి పోగా మూడు లక్షలు ఉంచుకోండి, ముట్టుకోకండి. ఆ తర్వాత కాగితం తీసుకుని రేటు 10 శాతం అయితే ఎంతవుతుందో రాసుకోండి. 27 లక్షలకి నెలకి 26 వేలు. మీ స్కూల్ జీతం ఆగిపోయిన నెలలో కూడా ఆ 26 వేలు కట్టగలరా? 48 వేలలో అది సగానికి మించుతుంది. కాబట్టి ధర 31, 32కి దిగితే ధైర్యంగా వెళ్లండి, 34 దగ్గరే బిగుసుకుంటే వదిలెయ్యండి. బరంపురంలో ఇళ్లు అంతలోనే అయిపోవు. మూఢం అని రెండు నెలలు ఆగేవాళ్లం ధర కోసం రెండు నెలలు ఆగలేమా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 2021లో 6.75 శాతానికి 30 లక్షల హోమ్‌లోన్ తీసుకున్నాను, 20 ఏళ్లకి, ఈఎంఐ 22,800. వడ్డీ పెరిగిందన్నారు, తగ్గిందన్నారు, నా ఈఎంఐ మాత్రం ఒక్క రూపాయి మారలేదు. మొన్న బ్యాంకుకి వెళ్లి అడిగితే ఇంకా 22 ఏళ్లు కట్టాలన్నారు. ఇప్పుడు నాకు 47. ఇల్లు అమ్మేసి అప్పు వదిలించుకుందామా అనిపిస్తోంది, రాత్రిళ్లు నిద్ర లేదు. మా బావమరిది గుణుపూర్‌లో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర 11 శాతానికి తీసుకున్నాడు, అతనిది తగ్గనేలేదు. ఇద్దరికీ కలిపి చెప్పండి.

జవాబు: టెన్షన్ పడకండి, మీకు జరిగింది అర్థమైతే సగం బరువు దిగుతుంది. మీ ఈఎంఐ మారలేదు, ఎన్ని వాయిదాలన్నది మారింది. రెపో 4 నుంచి 6.5కి వెళ్లినప్పుడు మీ రేటు 6.75 నుంచి 9.25కి వెళ్లింది. అప్పటికి మీ అప్పు 28 లక్షల 48 వేల దాకా ఉంది. దాని మీద నెల వడ్డీనే 22 వేలకి దగ్గర. మీరు కట్టే 22,800లో అసలుకి పోయింది ఎనిమిది వందల చిల్లర. ఆ లెక్కన అప్పు తీరడానికి 35 ఏళ్లు పట్టేది! బ్యాంకు మీ వాయిదా పెంచకుండా గడువు సాగదీసింది, మీరు వాయిదా పెరగలేదని సంతోషించారు. 2025లో తగ్గింపులు వచ్చాక మీ రేటు 8కి దిగింది, అదే ఈఎంఐకి 35 కాస్తా 22 అయింది. అంటే తగ్గింపు మీకు అందింది, కనిపించే చోట అందలేదు.

2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీని మీద గట్టిగానే రాసింది. రేటు మార్చేటప్పుడు వాయిదా పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, కొంత కొంత రెండూనా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలి. ఫిక్స్‌డ్‌కి, అంటే మారని రేటుకి, మారే అవకాశం కూడా ఇవ్వాలని అప్పుడు రాసింది గానీ, 2025 అక్టోబరు నుంచి అది బ్యాంకు ఇష్టం. మూడు నెలలకోసారి అసలుకి ఎంత పోయింది, వడ్డీకి ఎంత పోయింది, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి అని స్టేట్‌మెంటు ఇవ్వాలి. ఆ స్టేట్‌మెంటు మీ మెయిల్లో మూలుగుతూ ఉంటుంది, వెతకండి.

ఇల్లు అమ్మే మాట ఇప్పుడు వద్దు. ముందు బ్యాంకుకి ఒక కాగితం రాసి ఇవ్వండి, ఈఎంఐ మూడు వేలు పెంచమని. 25,800 కడితే 22 ఏళ్లు 16 ఏళ్ల పైచిలుకు అవుతుంది, ఈ ఒక్క పనితోనే ఆరేళ్లు పోయాయి చూడండి. రెండో పని, కొత్తవాళ్లకి మీ బ్యాంకే ఎంతకి ఇస్తోందో అడగండి. ఏడున్నరకి ఇస్తుంటే మీకు 8 ఎందుకని నిలదీయండి. రెపో మీద వాళ్లు వేసుకునే మార్జిన్ కొత్త ఖాతాదారుకి ఒకటి, పాతవాళ్లకి ఒకటి ఉంటుంది, అడక్కపోతే పాతదే నడుస్తుంది. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కట్టారో చూపే మార్కులు) బాగుంటే వేరే బ్యాంకుకి మారుస్తానని ఉత్తరం పెట్టండి, చాలాసార్లు ఆ ఉత్తరానికే పని జరుగుతుంది. నిజంగా మారాలంటే మాత్రం ప్రాసెసింగ్, లీగల్, కొత్త తనఖా ఖర్చులన్నీ కూడండి. 28 లక్షల మీద అర శాతం అంటే మొదటి ఏడాది 14 వేలు మిగులుతుంది. ఖర్చు 30 వేలైతే రెండేళ్లకి పైగా పడుతుంది తిరిగి రావడానికి, ఆ తర్వాతదంతా మీదే. మీకు ఇంకా పదహారేళ్లుంది కాబట్టి మారినా నష్టం లేదు.

మీ బావమరిది సంగతి వేరు. రెపోకి ముడిపెట్టాలన్న నియమం బ్యాంకులకి, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి కాదు. వాళ్లు తమ సొంత రేటు పెట్టుకుని దాన్ని బట్టి నడుపుతారు, ఎక్కడానికి చూపే హుషారు దిగడానికి చూపరు. ఆయన ముందు ఆ కంపెనీనే రేటు మార్పు ఫీజు ఎంతో అడగాలి, కొద్దిగా కట్టించుకుని తగ్గించే పద్ధతి చాలా చోట్ల ఉంది. కుదరకపోతే బ్యాంకుకి మార్చుకోవాలి. ఫ్లోటింగ్ రేటు మీద ఒక మనిషి పేరున ఉన్న ఇంటి అప్పు ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు, కంపెనీలో ఎవరైనా రెండు శాతం అంటే రూలు చూపించమనండి. 11 నుంచి 8కి వస్తే అది ఇల్లు అమ్మి సాధించలేనంత లాభం. కాకపోతే గుణుపూర్ ఇంటి పట్టా బ్యాంకు లాయరుకి నచ్చాలి. కొంతమంది కంపెనీ దగ్గరికి వెళ్లేదే బ్యాంకు వద్దన్న కాగితాలతో, ఆయనది అదే కేసైతే నాకు విడిగా రాయమనండి.

ప్రశ్న: రిటైరై మూడేళ్లయింది, వయసు 63. బరంపురం గాంధీనగర్‌లో 2008లో 9 లక్షలకి కొన్న ఇల్లుంది, ఇప్పుడు 52 లక్షలకి అడుగుతున్నారు. దాని మీద తీసుకున్న అప్పు ఇంకా 4 లక్షలుంది. కొడుకు విశాఖలో ఉన్నాడు, మధురవాడలో 60 లక్షల ఫ్లాటు చూశాడు. వడ్డీ తగ్గితే కొనేవాళ్లు పెరిగి మా ఇంటికి ఇంకా మంచి ధర వస్తుందని ఇక్కడి బ్రోకరు ఆగమంటున్నాడు. ఆగాలా?

జవాబు: బ్రోకరు చెప్పిన దాంట్లో ముందు సగం నిజం, వెనక సగం ఆయన చెప్పలేదు. వడ్డీ తగ్గితే కొనేవాళ్లు బరంపురంలోనే పెరగరు, మధురవాడలో కూడా పెరుగుతారు. రెండు చోట్లా పది శాతం పెరిగిందనుకోండి, మీ ఇంటికి 5 లక్షల 20 వేలు ఎక్కువొస్తుంది, అక్కడ మీరు 6 లక్షలు ఎక్కువ కట్టాలి. చిన్నది అమ్మి పెద్దది కొనేవాడికి ధరలు పెరగడం నష్టం, తగ్గడం లాభం. మీరు అమ్మేవాడిలా ఆలోచిస్తున్నారు గానీ మొత్తం మీద మీరు కొనేవాడే. ఆగకండి.

కానీ అమ్మడం ముందా, కొనడం ముందా? నా మాట ప్రకారం ముందు అమ్మండి. అక్కడ ముందు కొంటే మీరు అప్పు తేవాలి, 63 ఏళ్ల మనిషికి బ్యాంకు ఇచ్చే గడువు తక్కువ, వాయిదా ఎక్కువ, ఇక్కడ ఇల్లు అమ్ముడుపోవడం ఆలస్యమైతే తొందరకి యాభై రెండుది నలభై ఆరుకి ఇచ్చేస్తారు. అమ్మేసి, విశాఖలో కొడుకు దగ్గరో అద్దెకో ఆరు నెలలు ఉండి, తీరిగ్గా కొనుక్కోండి. ఎటూ కోడలితో, పిల్లలతో మీకు సరిపడుతుందో లేదో ఆ ఆరు నెలల్లో తెలుస్తుంది, అది కూడా ఇంటి లెక్కలో భాగమే.

పన్ను సంగతికి వద్దాం. రెండేళ్లు దాటింది కాబట్టి దీర్ఘకాలిక లాభం. 2024 జులై 23కి ముందు కొన్న ఇంటికి రెండు దారులున్నాయి, కొన్న ధరని ధరల సూచీ ప్రకారం పెంచి లెక్కేస్తే లాభం మీద 20 శాతం, పెంచకుండా అయితే 12.5 శాతం, ఏది తక్కువైతే అది. మీ కేసులో 2025-26 సూచీతో లెక్కిస్తే 9 లక్షలు 24 లక్షల 70 వేలు అవుతుంది, లాభం 27 లక్షల 30 వేలు, పన్ను 5 లక్షల 46 వేలు. సూచీ లేకుండా 43 లక్షల మీద 5 లక్షల 37 వేలు. దాదాపు ఒకటే. కానీ మీరు లాభాన్నంతా కొత్త ఇంట్లో పెడుతున్నారు కాబట్టి అసలు పన్నే లేకుండా చేసుకోవచ్చు. అమ్మిన తేదీకి ఏడాది ముందు గానీ రెండేళ్ల లోపు గానీ కొనాలి, కట్టించుకుంటే మూడేళ్లు. రిటర్ను వేసే గడువులోపు డబ్బు ఖర్చు కాకపోతే బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వెయ్యాలి, మామూలు ఎఫ్‌డీలో వేస్తే కుదరదు. కొత్త ఫ్లాటు మూడేళ్లు అమ్మకూడదు. ఇంకోటి, ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాడు ఒక శాతం, అంటే 52 వేలు, మీ పేరున పన్ను కట్టి మిగతాది ఇస్తాడు. మోసం అనుకోకండి, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి.

కొనేవాడు "35 రాయిద్దాం, మిగతాది చేతికిస్తాను" అంటే లేచి వచ్చేయండి. స్థలాలు, ఇళ్ల లావాదేవీల్లో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. మీకైతే దాని వల్ల ఒరిగేదీ లేదు, పన్ను ఎలాగూ మినహాయింపులో పోతోంది, ఆ నల్ల డబ్బు పట్టుకుని మధురవాడలో మీరేం కొంటారు?

4 లక్షల అప్పు పెద్ద అడ్డు కాదు. బ్యాంకు దగ్గర ఎంత బాకీ ఉందో, ఏయే కాగితాలు వాళ్ల దగ్గరున్నాయో రాయించుకుని కొనేవాళ్ల బ్యాంకుకి ఇవ్వండి, వాళ్లు ఆ నాలుగూ నేరుగా మీ బ్యాంకుకి పంపిస్తారు. లేదా బయానా డబ్బుతోనే మీరు తీర్చేయండి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇచ్చెయ్యాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు మీకివ్వాలి, 2023 డిసెంబరు నుంచి ఆ రూలుంది. అగ్రిమెంటులో కొనేవాడి లోన్ మంజూరుకి ఒక తేదీ రాయించండి, లేకపోతే బయానా ఇచ్చి ఏడాది తిప్పుతాడు.

అక్కడి ఖర్చు కూడా చూసుకోండి. ఆంధ్రలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, 60 లక్షలకి నాలుగున్నర లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, మూడు లక్షలు. కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటుకి జీఎస్టీ లేదు. మీ వయసులో కట్టేదాని కోసం ఎదురుచూడ్డం కంటే కట్టింది కొనుక్కోవడమే మేలు, కాస్త పాతదైనా సరే.

ప్రశ్న: రాయగడలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. టౌనుని ఆనుకుని ఒక ఇల్లు, స్థలం కలిపి 18 లక్షలకి వస్తోంది, బయట అదే 35 దాకా ఉంది. యజమానులు ఆదివాసీ కుటుంబం. మధ్యవర్తి "రిజిస్ట్రేషన్ వేరే ఆదివాసీ పేరున చేయించి నీకు పవర్ ఆఫ్ అటార్నీ ఇప్పిస్తాను" అంటున్నాడు. బ్యాంకు లోన్ రాదట, 14 శాతానికి ప్రైవేటు ఫైనాన్స్ చూపిస్తానన్నాడు. వడ్డీ తగ్గాక తీసుకుంటే మేలా?

జవాబు: వడ్డీ సున్నా అయినా వద్దు బాబూ. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ కూడా అంతే. 1956 నాటి 2వ రెగ్యులేషన్, దానికి 2002లో వచ్చిన సవరణ ప్రకారం అక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్లకి బదిలీ కాదు, అయినా చెల్లదు, స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. వేరే మనిషి పేరున పెట్టి నువ్వు ఉండడం బినామీ, అది ఇంకో కేసు. ఆ సగం ధర చవక కాదు, నీకు హక్కు రాదు కాబట్టి ఆ ధర. ఆ కుటుంబం చేతిలోంచి ఇల్లు పోవడానికి నువ్వు సాయం చేసినవాడివీ అవుతావు, అది కూడా ఆలోచించు.

అక్కడే ఉండాలనుంటే ఆదివాసీ కానివాళ్ల నుంచి కొనడంలో తప్పులేదు, 35 అయినా సరే. కానీ వాళ్లకి ఎవరి నుంచి వచ్చిందో వెనక్కి చూడు, మధ్యలో ఎక్కడైనా ఆదివాసీ పేరు ఉంటే తహసీల్దారు ఆఫీసులో తేలేదాకా బయానా ఇవ్వకు. భూలేఖ్ సైట్లో ఖాతా, ప్లాటు నంబరు కొడితే పట్టా కనిపిస్తుంది, కిసమ్ (భూమి రకం) దగ్గర ఘరబారి (ఇంటి స్థలం) అని ఉండాలి, సాగు భూమి అని ఉంటే మార్పిడి ఆర్డరు కావాలి. పట్టా ఒడియాలో ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఒడియా మాట్లాడతారు గానీ చదవడం రాదు, సిగ్గుపడకుండా చదవడం వచ్చినవాణ్ణి పక్కన పెట్టుకో, మధ్యవర్తిని మాత్రం చదవనివ్వకు. బ్యాంకు లోన్ రాదన్నప్పుడే నీకు జవాబు దొరికింది, వాళ్ల లాయరు వద్దన్న దాన్ని 14 శాతానికి కొంటావా?

ప్రశ్న: బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా. బొగ్గు గనిలో ఉద్యోగం, ఇంకా 12 ఏళ్ల సర్వీసుంది. 20 లక్షల అప్పుకి ఫ్లోటింగ్ 7.75, ఫిక్స్‌డ్ 9 అంటున్నారు. వడ్డీ మళ్లీ పెరుగుతుందేమోనని ఫిక్స్‌డ్ వైపు మొగ్గుతున్నాను. కరెక్టేనా?

జవాబు: 12 ఏళ్లకి ఫ్లోటింగ్ వాయిదా 21,400 లోపు, ఫిక్స్‌డ్ 22,800 లోపు. నెలకి దాదాపు 1,400 తేడా. మీరు ఫ్లోటింగ్ తీసుకుని ఆ 1,400 కూడా ప్రతినెలా అసలుకి కట్టేయండి. రేటు పెరిగేలోపు మీ అప్పు కరిగిపోతుంది, పెరిగినా తక్కువ మొత్తం మీద పెరుగుతుంది. ఫ్లోటింగ్‌లో ముందుగా కడితే జరిమానా లేదు, ఫిక్స్‌డ్‌లో ఉండొచ్చు, రిటైర్మెంటు డబ్బుతో తీర్చే ఆలోచన ఉంటే అది చిన్న విషయం కాదు. పైగా ఫిక్స్‌డ్ అని చెప్పేవి కొన్ని రెండు మూడేళ్లకే ఫిక్స్‌డ్, తర్వాత వాళ్లిష్టం. శాంక్షన్ లెటర్లో రీసెట్ (రేటు మళ్లీ మార్చడం) అన్న మాట ఉందేమో చూడకుండా సంతకం పెట్టకండి.

మహారాష్ట్రలో ఇల్లు ఆడవాళ్ల పేరున రిజిస్టరు చేస్తే స్టాంపు డ్యూటీలో ఒక శాతం తగ్గుతుంది, రిజిస్ట్రేషన్ ఫీజు 30 వేలకి మించదు. మీరు చూసింది ప్లాటా, కట్టిన ఇల్లా రాయలేదు. ప్లాటైతే అది సాగు భూమి కాదని చూపే ఎన్ఏ కాగితం, తాజా సాత్‌బారా (అక్కడి భూమి రికార్డు) రెండూ చేతికి వచ్చాకే బయానా ఇవ్వండి. సాత్‌బారాలో వర్గ్-2 అని ఉంటే కలెక్టరు అనుమతి కావాలి, అమ్మేవాడు "అదంతా నేను చూసుకుంటా" అంటే ఆ అనుమతి వచ్చాకే మాట్లాడదామని చెప్పండి.